సాత్విక్–చిరాగ్ జోడీ: డబుల్స్ కోచ్‌ల చరిత్ర

అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టి జోడీని బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేర్చడంలో ప్రత్యేక కోచ్‌ల పాత్ర కీలకం. బ్యాడ్మింటన్ జట్టులో జోడీలకు శిక్షణనిచ్చేది డబుల్స్ కోచ్.

నేపథ్యం

సాత్విక్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి కాశీ విశ్వనాథం రాష్ట్రస్థాయి షటిల్ ఆటగాడు. ఇంట్లోనే ఆట ఉండటంతో సాత్విక్ చిన్నతనంలోనే రాకెట్ పట్టాడు. 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అప్పటికి భారత బ్యాడ్మింటన్ పేరు ప్రధానంగా సింగిల్స్‌తో ముడిపడి ఉంది. డబుల్స్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం ఒక్కటే. 2011లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప గెలిచిన కాంస్యం.

జోడీ పుట్టుక

మలేసియాకు చెందిన టాన్ కిమ్ హెర్ 2015లో భారత డబుల్స్ కోచ్‌గా వచ్చాడు. సాత్విక్‌ను, చిరాగ్‌ను జతచేసింది ఆయనే. ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ వెనక నుంచి బలంగా స్మాష్ కొట్టేవారు. డబుల్స్‌లో దాడి చేసేటప్పుడు ఒకరు వెనక నుంచి కొడితే, మరొకరు నెట్ దగ్గర కాచుకుని వచ్చిన షటిల్‌ను ముగించాలి. రక్షణలో పడగానే ఇద్దరూ పక్కపక్కకు రావాలి. అందుకే ఒకే తీరు ఆటగాళ్లను కలపడం సాహసమే. క్రమంగా చిరాగ్ ముందు కోర్టు ఆట నేర్చుకున్నాడు, వెనక భాగం ఎక్కువగా సాత్విక్‌ది అయింది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఈ జోడీ రజతం గెలిచింది. 2019లో టాన్ భారత్‌ను వీడాడు. అదే ఏడాది ఆగస్టులో జోడీ థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచింది. టాన్ తరవాత ఇండోనేసియాకు చెందిన ఫ్లాండీ లింపెలె కొద్దికాలం శిక్షణనిచ్చాడు.

మథియాస్ బో కాలం

డెన్మార్క్ ఆటగాడు మథియాస్ బో 2012 లండన్ ఒలింపిక్స్‌లో కార్స్టెన్ మోగెన్‌సెన్‌తో కలిసి రజతం సాధించాడు. 2020లో ఆట నుంచి విరమించి, 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ముందు ఈ జోడీకి కోచ్ అయ్యాడు. టోక్యోలో సాత్విక్, చిరాగ్ గ్రూపులో మూడింటిలో రెండు మ్యాచ్‌లు గెలిచినా ముందుకు వెళ్లలేకపోయారు. వారి చేతిలో ఓడిన తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి–లిన్ చివరికి స్వర్ణం గెలిచింది.

టోక్యో తరవాత తప్పుకున్న బో 2022లో తిరిగి బాధ్యత చేపట్టాడు. ఆ ఏడాది భారత్ పురుషుల జట్ల టోర్నీ అయిన థామస్ కప్ గెలిచింది. జోడీ కామన్వెల్త్ స్వర్ణంతో పాటు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భారత పురుషుల డబుల్స్‌కు తొలి పతకమైన కాంస్యాన్ని తెచ్చింది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం వరసగా వచ్చాయి. అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ స్థానం దక్కింది. ఆ ఏడాదే జపాన్‌లో నిర్వహించిన పరీక్షలో సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇంత బలమున్నా డబుల్స్‌లో సర్వీసు, రిటర్ను, మూడో షాట్ కుదరకపోతే స్మాష్‌కు అవకాశమే రాదు. ఆ అవకాశాన్ని సృష్టించుకోవడం నేర్పడమే కోచ్ పని. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జోడీ క్వార్టర్‌ఫైనల్లో మలేసియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్ చేతిలో ఓడింది. ఆ తరవాత బో కోచింగ్‌కు వీడ్కోలు చెప్పాడు.

టాన్ పునరాగమనం

2025లో టాన్ కిమ్ హెర్ మళ్లీ భారత జట్టులో చేరాడు. ఆ ఫిబ్రవరిలోనే కాశీ విశ్వనాథం మరణించాడు. ఆ దుఃఖం మోసుకుంటూనే సాత్విక్ ఆగస్టులో పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చిరాగ్‌తో కలిసి క్వార్టర్‌ఫైనల్లో చియా, సో జోడీనే ఓడించి, రెండో కాంస్యం అందుకున్నాడు. అమలాపురంలో తండ్రి ఆట చూసి రాకెట్ పట్టిన కుర్రాణ్ణి ఆ పతకం దాకా నడిపించిన చేతుల్లో, మొదట్లో జోడీని కలిపిన టాన్ చేయి కూడా ఉంది.