ప్రాక్సీ

బెజవాడ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లకి ప్రాక్సీ అంటే ఒకటే: రానివాడి నంబరు పిలిచినప్పుడు పక్కవాడు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనడం. "ఒరేయ్, ఇవాళ నాకు ప్రాక్సీ వెయ్యరా" అని పొద్దున్నే వాట్సాప్ వచ్చేస్తుంది.

మాట పుట్టుక మాత్రం పెద్దింటిది. లాటిన్‌లో 'ప్రోక్యూరాషియో' అంటే ఒకరి వ్యవహారం మరొకరు చూసిపెట్టడం. అదే ఇంగ్లీషు నోట నలిగి ప్రాక్సీ అయింది. మన పాత దస్తావేజుల్లోని ముక్త్యారుకు దగ్గరి చుట్టమే. 2013 కంపెనీల చట్టంలో వాటాదారు బదులు ఓటేసేవాడూ ప్రాక్సీయే.

ఆ కాలేజీ కుర్రాడే ల్యాబ్‌లో వెబ్‌సాకెట్, అంటే సర్వరుతో తెగకుండా రెండువైపులా మాట్లాడే కనెక్షన్, తెరవబోతే ఇంకో ప్రాక్సీ అడ్డొస్తుంది: నెట్‌కి మధ్యవర్తిగా నిలిచే సర్వరు. ప్రోగ్రాం ముందుగా దానికి 'కనెక్ట్' అని, అవతలి సర్వరు పేరు, 443 పోర్టు చెప్పాలి. జవాబుగా 200 అన్న కోడ్ వస్తే దారి దొరికినట్టు. 407 వస్తే పాస్‌వర్డ్ అడుగుతున్నట్టు. చాలామంది ఇక్కడే ఆగి, తప్పు తమ కోడ్‌లో వెతుక్కుంటారు, పాపం. దారి దొరికాక టీఎల్ఎస్ తాళం పడుతుంది. ఆ లోపలే వెబ్‌సాకెట్‌కి మారదామని 'అప్‌గ్రేడ్' అడిగితే సర్వరు సరేనంటూ 101 అంటుంది. ఇక ప్రాక్సీ పని బైట్లు అటూ ఇటూ అందించడమే, వాటిలో ఏముందో దానికీ తెలియదు.