ఆవములో కలసిన గాజు

అగ్నిని పనికి పెట్టు చోటులకు మన భాషలో రెండు వేరు పేర్లున్నవి: కొలిమి, ఆవము. కమ్మరి కొలిమి ముందు కూర్చుండి, తిత్తి ఊదించుచు, ఎఱ్ఱనైన ఇనుమును కన్నులార చూచుచు, సుత్తితో దానిని తనకు కావలసిన రూపునకు తెచ్చును. కుమ్మరి పని అట్టిది కాదు. అతడు కుండలను పేర్చి, ఆవమును మూసి, నిప్పంటించి ప్రక్కకు తొలగును. తెఱచిననాడు కాని ఏది నిలిచినదో, ఏది పగిలినదో తెలియదు. గాజుపని యనగానే మనలో పలువురకు గొట్టముతో ఊది సీసా చేయు పనివాడు జ్ఞప్తికి వచ్చును. అది కొలిమిపని. ఊదుట తెలియుటకు సుమారు 1400 ఏండ్లకు పూర్వమే, రంగురంగుల గాజుముక్కలను ప్రక్కప్రక్కన పేర్చి, అవి ఆవములో ఒకదానితో నొకటి అతుకుకొనునట్లు చేసినవారుండిరి. మేము చెప్పబోవునది వారి కథ.

ఉత్తర ఇరాకులోని తెల్ అల్ రిమా అను దిబ్బను త్రవ్వినపుడు దొరికిన పాత్రల తునుకలు ఈ పనికి తొలి సాక్ష్యములలోనివి. అవి క్రీ.పూ. 15వ శతాబ్ది ప్రాంతమునకు చెందినవి. వాటిలో రంగుల ముక్కలు వంకర చాళ్ళుగా పేర్చబడి యున్నవి. ఆ దేశముననే, నినెవె నగరములో అసుర్‌బనిపాల్ చక్రవర్తి గ్రంథాలయమునుండి బయల్పడిన మట్టిపలకలలో గాజు చేయు విధానము వ్రాయబడి యున్నది. ఆ పలకలు క్రీ.పూ. 7వ శతాబ్దివి. ఆవము కట్టుటకు శుభమాసమున శుభదినము చూడవలెను. కట్టిన తరువాత అచట కూబు అను దేవతామూర్తులను నిలుపవలెను. పిమ్మట పరాయివాడు లోపలికి రారాదు. శుచి లేనివాడు ఆ మూర్తుల ముందు నడువనైన నడువరాదు. గాజును ఆవములో పెట్టు దినమున గొఱ్ఱెను బలియిచ్చి, ధూపము వేసి, అటుపిమ్మటనే నిప్పు ముట్టింపవలెను.

చదువరులు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని ఆ పలకలోనే కట్టెలను గూర్చి చెప్పిన మాటలు చూడుడు. బెరడు వొలిచిన లావుపాటి కట్టెలు కావలెను. వేసవిలో కొట్టినవి కావలెను. తోలు కప్పి భద్రపఱచినవి కావలెను. తడికట్టె పొగ గ్రక్కును; పొగ గాజు రంగును చెఱచును. పరాయివాడు రారాదన్న నియమము కూడ మాకు వట్టి మూఢత్వముగా తోచదు. ఆవము తలుపు వేళగాని వేళ తెఱచినచో చల్లగాలి తగిలి లోపలిదంతయు బ్రద్దలగును. కూబు అనగా నెలలు నిండక పుట్టిన శిశువు. మూసిన ఆవము ముందు కూర్చున్నవాని భయమునకు ఇంతకంటె తగిన దేవత దొరకునా?

ఇక 1900వ సంవత్సరమునకు వత్తము. గ్రీసు దేశమున ఆంటికిథీరా అను చిన్న దీవి దరిని, స్పంజులకై మునుగు ఈతగాండ్రు మునిగిపోయిన ప్రాచీన నౌక నొకదానిని కనుగొనిరి. అది క్రీ.పూ. 1వ శతాబ్దిలో మునిగినది. అందు దొరికిన పండ్లచక్రముల యంత్రము ప్రపంచ ప్రసిద్ధమైనది. కంచుబొమ్మలు ముక్కలై దొరికినవి. పాలరాతి విగ్రహములను సముద్రజీవులు తొలిచివేసినవి. ఆ సరకులోని గాజుగిన్నెలు కొన్ని మాత్రము దాదాపు రెండువేల ఏండ్లు నీటి అడుగున నుండియు చెక్కుచెదరక పైకి వచ్చినవి. అవి నేడు ఏథెన్సు మ్యూజియములో నున్నవి. వాటిలో రంగుల బిళ్ళలు కూర్చి చేసిన గిన్నెలును కలవు.

వాటిని చేసిన తీరు తెలిసికొనదగినది. ముందుగా వేర్వేరు రంగుల గాజును వేడిమిలో ఒకదానిపై నొకటి చుట్టి లావుపాటి మొద్దుగా చేయుదురు. అది మెత్తగా నుండగనే రెండు కొనలు పట్టి తీగెపాకము సాగదీసినట్లు లాగుదురు. మొద్దు సన్నని కడ్డీయగును. కాని లోపలి చుట్ట చెదరక, చిన్నదై అట్లే నిలుచును. ఆ కడ్డీని అరటిదూటను తఱిగినట్లు బిళ్ళలుగా కోసినచో ప్రతి బిళ్ళలోను అదే చుట్ట కనబడును. బిళ్ళలను చదునైన పలకపై దగ్గరదగ్గరగా పేర్చి, అంచు చుట్టును మెలివేసిన గాజుకడ్డీ నొకదానిని త్రిప్పి, ఆవములో పెట్టుదురు. అవి కరగి పాఱరాదు, కరుగకయు నుండరాదు. అంచులు మెత్తబడి ఒండొంటిని పట్టుకొనినంతనే వేడిమి నిలుపవలెను. అట్లు ఏర్పడిన గుండ్రని పలకను గిన్నె ఆకారపు మట్టి అచ్చుపై నుంచి రెండవమాఱు వేడిచేసినచో, అది తన బరువుతో తానే వంగి గిన్నెయగును. ఆ పిమ్మట దినముల తరబడి అరగదీసి మెఱుగు పెట్టుదురు. ఇటలీలోని కనోసా సమాధులలో దొరికి బ్రిటిష్ మ్యూజియమునకు చేరిన క్రీ.పూ. 3వ శతాబ్ది గిన్నెలలో పనితనము ఇంకను చిత్రమైనది: రెండు పలుచని గాజు గిన్నెలను ఒకదానిలో నొకటి అమర్చి, నడుమ బంగారు రేకుతో ఆకులు పూవులు కత్తిరించి పెట్టిరి.

ఇందు ఒక చిక్కు కలదు. ప్రతి గాజును వేడిలో వ్యాకోచించును, చల్లారునపుడు సంకోచించును. రంగుకై కలిపిన ద్రవ్యమును బట్టియు, సోడా సున్నముల పాలును బట్టియు ఆ సంకోచము మాఱును. రెండు గాజులు ఆవములో చక్కగా అతుకుకొనినను, చల్లారునపుడు ఒకటి ఎక్కువగా ముడుచుకొనినచో అతుకువద్ద బీటవాఱును. ఆ బీట ఒక్కొక్కప్పుడు కొన్ని దినములకు గాని బయటపడదు. పాత వాల్వు రేడియోలను విప్పి చూచినవారికి ఇది క్రొత్త విషయము కాదు. వాల్వు గాజునుండి లోహపు తీగలు బయటకు వచ్చు చోట గాలి చొరరాదు. తీగయు గాజును సమముగా ముడుచుకొననిచో అతుకు పగులును, వాల్వు పాడగును. విద్యుద్దీపముల తొలినాళ్ళలో ఇందులకై ప్లాటినము తీగ వాడిరి; అది ప్రియమగుటచే తరువాత ఇనుము నికెలుల మిశ్రమమునకు రాగి తొడిగిన తీగను కనిపెట్టిరి. ఎన్నో ఏండ్లు మన ఇండ్లలో సంగీతము వినిపించిన పెట్టెలో, ఏథెన్సు గిన్నె చేసినవానికి ఎదురైన ఆ చిక్కే ఉండెను. అతనికి మాత్రము కొలతలు లేవు. ఏ పచ్చ ఏ పసుపుతో పొసగునో పగిలిన గిన్నెలే అతనికి నేర్పియుండవలెను.

అట్లు నేర్చిన విద్యకు విరోధియై వచ్చినది ఒక గొట్టము. గాజును ఊదుట క్రీ.పూ. 1వ శతాబ్ది నడుమ మధ్యధరాసముద్రపు తూర్పు తీరమున పుట్టినది. యెరూషలేము పాతనగరములో 1971వ సంవత్సరమున దొరికిన గాజుపని చెత్తలో ఊదుటకు యత్నించిన గొట్టపు ముక్కలున్నవి. అరగదీతతో పనిలేకయే నిమిషములలో పాత్ర తయారగుచుండెను. రోములో ఒక రాగినాణెమునకు గాజులోటా దొరకుచుండెనని స్ట్రాబో వ్రాసెను. సామాన్యుని ఇంటికి గాజు చేరుట మేలే. కాని ఒకటి రెండు తరములలో ఆవము ముందటి పనివారికి ఆదరణ సన్నగిల్లినది. పిదప వారి విద్య చాలవఱకు మాసిపోయినది. వారి పేరొక్కటియు మనకు మిగులలేదు.

ఆ విద్యను మరల ఊహించి పట్టుకొనుటకు 19వ శతాబ్ది కావలసివచ్చినది. వెనిసు దాపుననున్న మురానోలో విన్సెంజో మొరెత్తి రోమను తునుకలను చూచి అటువంటి గిన్నెలు చేయ సాధించెను. 1878 నాటి పారిసు ప్రదర్శనలో అవి చూడబడినవి. ఫ్రాన్సులో ఆన్రీ క్రో అను శిల్పి 1880ల దశకమున గాజును పొడిచేసి, అచ్చులో నింపి, ఆవములో కరగించి బొమ్మలు చేసెను. 1948వ సంవత్సరమున షికాగోలో ఫ్రాన్సిస్ హిగ్గిన్సు, మైకేల్ హిగ్గిన్సు అను దంపతులు సామాన్యమైన కిటికీ అద్దములనే తీసికొని, రెండింటి నడుమ రంగుటెనామెలు వేసి అతికించి పళ్ళెములు చేయసాగిరి. అమెరికాలో 1974వ సంవత్సరమున పోర్టులండునందు వెలసిన బుల్స్‌ఐ అను కర్మాగారము, పొసగునో లేదో పరీక్షించిన రంగుగాజులనే అమ్ముట మొదలిడిన పిమ్మట ఆ పని ఇంటి పెరటి ఆవములకు చేరినది.

ఈ నడుమ ఆవము లోపలిని తెలిసికొను సాధనములు వచ్చినవి. ఇంగ్లండులో పింగాణి చేయించిన వెడ్జివుడ్డు 1782వ సంవత్సరమున, వేడికి మట్టిబిళ్ళ ఎంత కుంచించుకొనినదో కొలిచి ఉష్ణమును గ్రహించు ఉపాయము ప్రకటించెను. జర్మనీలో సేగర్ 1886 నాటికి నిర్ణీతమైన వేడికి వంగిపోవు చిన్న మట్టిశంకువులను చేసెను. తరువాత రెండు వేర్వేరు లోహముల తీగలను కలిపి వేడిని విద్యుత్తుగా కొలుచు సాధనము వచ్చినది. సామాన్యమైన సోడాగాజు సుమారు 650 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గఱ అచ్చులోనికి వంగును. 750 దగ్గఱ ముక్కలు తమ ఆకారము విడువక అంటుకొనును. 800 దాటినచో పూర్తిగా ఒక్కటగును. ఇందు చమత్కార మొకటి కలదు: మెత్తబడిన గాజు ఎంత పలుచగా పేర్చినను, ఎంత మందముగా పేర్చినను, తన సహజమైన మందము సుమారు 6 మిల్లీమీటర్లనియే పట్టుపట్టును. పలుచనైనచో లోపలికి ముడుచుకొనును. మందమైనచో ప్రక్కలకు పాఱును.

కలుపుటకంటె చల్లార్చుటయే కష్టము. 500 డిగ్రీల ప్రాంతమున ఆవమును ఆపి, గాజు లోపలి బిగువు సడలు వఱకు నిలిపి, పిదప మెల్లమెల్లగా దింపవలెను. మందము రెట్టింపైనచో ఆ కాలము సుమారు నాలుగింతలగును. అమెరికాలోని కార్నింగులో 1934 డిసెంబరున పాలొమార్ దూరదర్శినికై పోసిన 200 అంగుళముల అద్దమును చల్లార్చుటకు పది నెలలు పట్టినది. 1935 జూలైలో నది పొంగి విద్యుత్తు ఆగిపోయినను ఆ అద్దము బీటవాఱలేదు.

ఆవములోని పలకకు గాజు అంటుకొనకుండ నేటి పనివారు పింగాణిమట్టియు అల్యూమినా పొడియు నీట కలిపి పూత పూయుదురు. ఇది మన తెలుగుదేశమున తెలియనిది కాదు. శ్రీకాళహస్తి సమీపమున పాపానాయుడుపేటలో లాడ అను ఇనుపగొట్టముతో గాజును బోలుగా సాగదీసి పూసలు చేయు పని చిరకాలము సాగినది. పుదుచ్చేరి దగ్గఱి అరికమేడులో పూర్వము జరిగిన పూసలపనికి అది వారసత్వమని పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పరిశోధకుడు భావించెను. గొట్టమును తఱిగిన ముక్కల అంచులు వాడిగా నుండును. వాటిని జల్లించిన బూడిదతో కలిపి కుండలో పోసి, ఆవమున పెట్టి, కలియబెట్టుచుందురు. బూడిద ముక్కకు ముక్కకు నడుమను, రంధ్రము లోపలను చేరి, గాజు అంటుకొనకయు మూసికొనకయు కాపాడును. అంచులు కరగి గుండ్రబడిన పిదప కుండను దించి, బూడిద రాల్చి, పూసలను విడదీయుదురు.