కొండమీది కాపురం

“నీళ్ళు లేని ఊరికి పిల్లనివ్వకూడదే” అనేది మా అమ్మమ్మ. ఆ లెక్కన ఇంగ్లండులో డోర్సెట్ ప్రాంతంలోని షాఫ్ట్స్‌బరీకి ఎవరూ పిల్లనివ్వకూడదు. ఏడువందల అడుగుల ఎత్తున, కొండమీద కూచున్న చిన్న ఊరు. కిందకి చూస్తే పచ్చగా బ్లాక్‌మోర్ లోయ. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ బిందెడు నీళ్ళు కావాలంటే ఒకప్పుడు కొండ దిగవలసిందే. దిగువన ఎన్‌మోర్ గ్రీన్ పల్లెలో ఊటలున్నాయి. అక్కణ్ణించి గుర్రాలమీద, గాడిదలమీద పీపాలు పైకెక్కేవి. ఏటా ఆ ఊరి మేయరు ఊరేగింపుగా దిగివెళ్ళి, నీళ్ళిచ్చినందుకు ఒక జత చేతితొడుగులు, దూడ తలకాయ, గ్యాలను బీరు, రెండు రొట్టెలు సమర్పించుకునేవాడు. 1830 దాకా సాగిందీ వేడుక. ఆ ఊళ్ళో నీళ్ళకంటే బీరే ఎక్కువని పరిహాసం కూడా ఉండేది.

మరి అలాంటిచోట ఊరెందుకు వెలిసిందంటారా? రక్షణ కోసం. ఆల్ఫ్రెడ్ రాజు సుమారు 888లో అక్కడ సన్యాసినుల మఠం కట్టించి, సొంత కూతుర్నే మఠాధిపతిగా కూచోబెట్టాడు. అది ఎంత కలిగిన మఠమంటే, గ్లాస్టన్‌బరీ మఠాధిపతి షాఫ్ట్స్‌బరీ అమ్మగారిని పెళ్ళాడితే వాళ్ళ బిడ్డకి రాజుకంటే ఎక్కువ భూములుంటాయని జనం చెప్పుకునేవారు. ఆరున్నర శతాబ్దాలపాటు ఆ కొండమీద ఆడవాళ్ళదే పెత్తనం! 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. ఇప్పుడు మిగిలినవి పునాదులు.

తరవాత ఊరికి మరో యోగం పట్టింది. పార్లమెంటు ఎన్నికల్లో, పన్ను కట్టే గృహస్థుకే అక్కడ ఓటు. ఇంకేం, ఇల్లెవరి చేతిలో ఉంటే ఓటూ వాళ్ళదే! పెద్ద దొరలు కాపురానికి కాదు, ఓట్లకోసం ఇళ్ళు కొన్నారు. 1774 ఎన్నికల్లోనైతే మన కేతిగాడిలాంటి ‘పంచ్’ వేషం కట్టినవాడొకడు తలుపు కంతలోంచి మనిషికి 20 గినీల చొప్పున పొట్లాలు అందించాడు. అప్పుడు గెలిచిన ఇద్దరూ ఇండియాలో గడించి వెళ్ళిన దొరలే. గొడవై ఆ ఎన్నిక రద్దయింది. ఆ ఇద్దరిలో ఒకడు థామస్ రంబోల్డు. మనకి కొత్తవాడేం కాదు. 1778లో మద్రాసు గవర్నరై వచ్చి, ఉత్తర సర్కారుల జమీందార్లందర్నీ మద్రాసు రమ్మని తాకీదులిచ్చినవాడు. లంచాల ఆరోపణలమీద తిరిగి వెళ్ళాక పార్లమెంటులో విచారణ జరిగింది, కాని శిక్ష పడలేదు. తలుపు కంత అలవాటున్న చెయ్యి కదా!

1919లో లార్డ్ స్టాల్‌బ్రిడ్జి ఊళ్ళో చాలాభాగం అమ్మేశాడు. కొన్నవాళ్ళు దాన్ని ముక్కముక్కలుగా మూడురోజులు వేలం వేశారు. మనం అద్దెకున్న ఇంటిని నడిబజార్లో పాట పాడుతుంటే ఎలా ఉంటుందో, అద్దెకొంపల్లో కాపురాలు చేసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

అసలు వింత 1973లో జరిగింది. ఊళ్ళో గోల్డ్ హిల్ అని గుండ్రాళ్ళు పరిచిన నిటారు వీధి ఒకటుంది. ఒకపక్క మఠం నాటి పాతగోడ, ఇంకోపక్క మెట్లుమెట్లుగా చిన్న చిన్న కుటీరాలు. రిడ్లీ స్కాట్ అనే దర్శకుడు హోవిస్ రొట్టె ప్రకటనకోసం, రొట్టెల బుట్టతో సైకిలు తోసుకుంటూ ఎక్కే కుర్రవాణ్ణి అక్కడ చిత్రించాడు. దేశమంతా ముచ్చటపడింది. నీళ్ళ పీపాలు మోసేవాళ్ళకి ఆయాసం తెప్పించిన ఆ ఎత్తే ఇప్పుడు అందమైంది. అందానికి వెల కట్టడం ఎంతసేపు?

ఇంగ్లండు మొత్తంమీదే 1997లో మామూలు ఇంటి వెల ఒక ఉద్యోగి మూడున్నరేళ్ళ జీతం; 2021 నాటికి అది తొమ్మిదేళ్ళ జీతం దాటింది. ఇహ బొమ్మలో చూసి మనసుపడ్డ వీధిలో అడగాలా? గోల్డ్ హిల్ మీద కొన్ని కుటీరాలు సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తున్నారు. ఓటు కోసం కొన్నా, కిటికీలోంచి కనబడే లోయకోసం కొన్నా, పొయ్యి వెలగని ఇల్లు ఇల్లేనా చెప్పండి! పక్కింటికి గరిటెడు పంచదార బదులు అడగడానికి వెళితే తాళం కప్ప పలకరిస్తుంది.

మనిషి కాపురముండని ‘రెండో ఇళ్ళ’మీద డోర్సెట్ కౌన్సిలు 2025 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను రెట్టింపు చేసింది. కలిగినవాళ్ళు అదీ కట్టేసి, తాళం చెవి జేబులో వేసుకుని పోతారేమోనని నా అనుమానం.