చలికి బండి మొరాయిస్తే.. జబ్బేంటో చోకే చెబుతుంది

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు కొన్న కార్బొరేటర్ బళ్లు మాత్రం ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి. ఆదిలాబాద్, లంబసింగి వంటి చోట్ల డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పాలకో, పేపర్లకో బయల్దేరేవారికి బండి స్టార్ట్ కాకపోతే ఆ పూట పని పోయినట్టే. అలాగని వెంటనే కార్బొరేటర్ మార్చేయక్కర్లేదు. చోక్ వేసినప్పుడు, తీసినప్పుడు బండి ఎలా స్పందిస్తుందో గమనిస్తే లోపం చాలావరకు దొరుకుతుంది.

చలికి ఏమవుతుంది?

చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. దాంతో మండటానికి చాలినంత ఇంధనం సిలిండర్‌కు అందదు. చోక్ గాలి దారిని కొంత మూసి, లేదా అదనపు పెట్రోలు దారి తెరిచి ఆ కొరత తీరుస్తుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ సమస్య కాస్త పెరుగుతుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి. పైగా ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి అవసరమైతే, ఇథనాల్‌కు సుమారు 9 వంతులు చాలు. ఆ తేడాను కార్బొరేటర్ తనంతట తాను సరిచేసుకోలేదు. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది.

స్టార్ట్ చేసే పద్ధతి

పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చోక్ పూర్తిగా వేసి, రేస్ ఇవ్వకుండా కిక్ కొట్టండి. స్టార్టయ్యాక ఇంజిన్ నిలకడగా తిరుగుతుంటే చోక్ మెల్లగా తగ్గించి తీసేయండి. తలుపులు మూసిన గదిలో మాత్రం ఇంజిన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

లక్షణాన్ని బట్టి లోపం

చోక్ వేసినా తేడా లేదు: కేబుల్ తెగిందేమో, లివర్ కదిలినా లోపలి భాగం కదలడం లేదేమో చూడాలి.

ఎన్ని కిక్కులు కొట్టినా ప్లగ్ పొడిగానే ఉంది: పెట్రోలు అందడం లేదు. ట్యాప్, పైపు, కార్బొరేటర్ గిన్నెలోని ఫ్లోట్ చూడాలి.

ప్లగ్ తడిసి పెట్రోలు వాసన వస్తోంది: ఇంధనం ఎక్కువైంది. చోక్ తీసేసి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టాలి. అప్పటికీ కాకపోతే ప్లగ్ తుడిచి ఆరబెట్టాలి.

ఇంజిన్ వేడెక్కినా చోక్ తీయగానే ఆగిపోతోంది: పైలట్ జెట్ మూసుకుపోయి ఉండొచ్చు. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతున్నా ఇలాగే జరుగుతుంది.

ప్లగ్‌కు నల్లటి మసి పడుతోంది: చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది.

కొన్నాళ్లు కదలని బండి: గిన్నె అడుగున నీరు, మడ్డి చేరతాయి. ఇంజిన్ ఆపి, నిప్పుకు దూరంగా, డ్రెయిన్ స్క్రూ వదులుచేసి పాత పెట్రోలు సీసాలోకి దించాలి.

చేయకూడనివి

జెట్‌ను పిన్నుతో, తీగతో పొడవొద్దు. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌తో, గాలితో ఊదించడమే సరైన పద్ధతి. మిక్చర్ స్క్రూను కదిలించే ముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టి రాసుకోండి.

ఇవన్నీ బాగుండి కూడా బండి మొరాయిస్తే స్పార్క్, వాల్వ్ క్లియరెన్స్ చూపించాలి. మెకానిక్‌కు 'స్టార్ట్ కావడం లేదు' అని ఊరుకోకుండా, చోక్ వేస్తే ఏమైందో, తీస్తే ఏమైందో, ప్లగ్ తడో పొడో చెప్పండి. అనవసరపు ఖర్చు తప్పుతుంది.