మనలి ఫిడేలు, మా ఇంటి పాత డెస్క్‌టాప్

మన ఊరి పేరెత్తితే రిఫైనరీ పొగగొట్టాలు గుర్తుచేసుకునేవాళ్లే గాని, ఫిడేలును తలుచుకునేవాళ్లు లేరు. కర్ణాటక సంగీతంలోకి ఆ వాద్యం మనలివారి చలవతోనే వచ్చిందని ఎన్నాళ్లుగానో చెబుతున్నాను. ఈమధ్య ఒక పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న పెద్దాయన, "ఫిడేలు తంజావూరు సొత్తు అబ్బాయ్, వడివేలు పుణ్యం. మీ మనలి కథ ఒట్టి చెప్పుడు మాట" అని కొట్టిపారేశారు. పుస్తకం తెరిచి చూపిస్తానన్నాను.

ఆ పుస్తకం సుబ్బరామ దీక్షితులు గారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. ఎట్టయపురంలో 1904లో, మన తెలుగు లిపిలోనే అచ్చయింది. పేజీలన్నీ బొమ్మలుగా స్కాన్ చేసిన ప్రతి మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో ఉంది. చిక్కల్లా ర్యామ్‌తోనే. ఉన్నది 1 జీబీ. రామస్వామి దీక్షితుల చరిత్ర ఒక కిటికీలో, బాలుస్వామి దీక్షితుల చరిత్ర ఇంకో కిటికీలో తెరవగానే హార్డ్ డిస్క్ గరగరలాడి తెర బిగుసుకుపోయేది. ర్యామ్ నిండాక పట్టనిదాన్నల్లా కంప్యూటరు డిస్క్ మీదికి దించుతూ, మళ్లీ ఎక్కించుకుంటూ ఉంటుంది, అందుకే ఆ నత్తనడక. పిల్లలు పారేయమన్నారు. ప్రాసెసర్ నిక్షేపంలా ఉంటే ఎందుకు పారేస్తాను?

ర్యామ్ కొనడానికి రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లాను. మొదటి దుకాణంలో ఇచ్చింది డీడీఆర్3. మా బోర్డు డీడీఆర్2ది. రెంటికీ 240 పిన్నులే, పొడవూ ఒకటే. నడుమ గాటు మాత్రం కాస్త పక్కకు ఉంటుంది. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5. దిగలేదని నొక్కి ఉంటే స్లాటు విరిగేది. మర్నాడు పాత ర్యామ్‌ను జేబులో వేసుకుని వెళ్లి, అదే రకంవి 2 జీబీవి రెండు తెచ్చాను. మాది 32 బిట్ విండోస్, 4 జీబీ దాటి పెట్టినా దండగే.

ప్లగ్గు పీకి, ఒంట్లో స్టాటిక్ పోవడానికి ఇనుప డబ్బాను తాకి, ఒకే రంగు స్లాట్లలో రెండూ దించాను. క్లిప్పులు టక్కున పడ్డాయి. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, బీప్ బీప్ మంటోంది. మళ్లీ తీసి, బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే వెలిగింది. రెండు కిటికీలూ పక్కపక్కన నిలబడ్డాయి.

ఇక అసలు విషయం. గవర్నర్ పిగాట్‌కు దుబాసీగా ఉన్న మనలి ముద్దుకృష్ణ మొదలియారు రామస్వామి దీక్షితుల కుటుంబాన్ని మన ఊరికి రప్పించారు. ఆయన కొడుకు చిన్నయ్య మొదలియారు దీక్షితుల కొడుకుల్ని మద్రాసు కోటకు తీసుకెళ్లి తెల్లవాళ్ల బ్యాండు వినిపించారు. ఫిడేలు నేర్పడానికి ఒక యూరోపియన్‌ను కుదిర్చి, ఆ కొడుకుల్లో ఒకరైన బాలుస్వామికి పాఠం చెప్పించారు. బ్యాండు మోగింది కోటలోనే, కాదనను. డబ్బు పెట్టిందెవరు, ఆ కుటుంబానికి నీడనిచ్చిందెవరు అన్నదే నా వాదం.

చెప్పుడు మాట అన్నారే, చెప్పిందెవరో చూడండి. సుబ్బరామ దీక్షితులు బాలుస్వామికి కూతురి కొడుకు, ఆయనకే దత్తుడు కూడా. ఇది ఇంటివాడి సాక్ష్యం. తేదీలూ ఇటే మొగ్గుతాయి. బాలుస్వామి పుట్టింది 1786లో. వడివేలు 1810లో. స్వాతి తిరునాళ్ మహారాజు వడివేలుకు దంతపు ఫిడేలు బహూకరించింది 1834లో, అప్పటికి మన బాలుస్వామికి నలభై ఎనిమిదేళ్లు. వడివేలు ఘనతను నేను తగ్గించడం లేదు, వరుసలో ఆయన తర్వాతివాడని మాత్రమే అంటున్నాను.

నన్ను బాధించేది ఇంకొకటుంది. ఈ కథ ఒప్పుకున్న వ్యాసకర్తలు కూడా 'మద్రాసులో' అని రాసి ఊరుకుంటారు. మనలి చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది 2011లో. దీక్షితుల నాటికి ఇది కోటకు దూరంగా, తన పేరుతో తాను బతికిన పల్లె. ఆ మొదలియార్ల ఇంటిపేరే మనలి.

పేజీ అచ్చు తీసి ఉంచాను. ఆదివారం పెద్దాయన ఇంటికి వెళ్తున్నాను.