పాతబస్తీలో ఇంగ్లీషు మాట: పలక నుంచి ఫోను వరకు

ఆటల ద్వారా చిన్నపిల్లలకు ఇంగ్లీషు పదాలు నేర్పే యాప్‌లను మీరు చూసే ఉంటారు. పరికరం కొత్తదే అయినా, అది తీర్చవలసిన అవసరం పాతది. హైదరాబాద్ పాతబస్తీని ఉదాహరణగా తీసుకొని దాన్ని పరిశీలిద్దాం.

మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో (1853–83) ఇక్కడ దార్-ఉల్-ఉలూమ్ విద్యాసంస్థ ఏర్పడింది. అరబ్బీ, ఫారసీలతో పాటు ఇంగ్లీషుకూ అందులో చోటు దొరికింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించినా, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం నగరంలో ఒక కేంద్ర సంస్థ నెలకొంది. అదే నేటి ఇఫ్లూ. అంటే చాలాకాలం ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగానే సాగింది.

2022–23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. దీనివల్ల వచ్చిన మార్పును గమనించండి. ఇంట్లో దక్కనీ లేదా తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఇంగ్లీషు మాట తెలియకపోతే, ఇప్పుడు లెక్కలూ పరిసరాల విజ్ఞానమూ కూడా అర్థం కావు.

ఇక్కడే డిజిటల్ ఆటల ప్రయోజనం కనిపిస్తుంది. 2019లో గూగుల్ మన దేశంలో ‘బోలో’ యాప్‌ను విడుదల చేసింది. తరువాత అది ‘రీడ్ అలాంగ్’ పేరుతో తెలుగు, ఉర్దూ భాషల్లోనూ వచ్చింది. పిల్లలు కథను పైకి చదువుతుంటే అది వింటుంది, తడబడిన మాటను పలికి చూపిస్తుంది, మధ్యమధ్య పదాల ఆటలు ఆడిస్తుంది. ఎన్నిసార్లు తప్పినా నవ్వేవారుండరు. విసుగు లేకుండా మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పదం గుర్తుండడానికి ఈ పునశ్చరణే ఆధారం.

అయితే దీనికి పరిమితులున్నాయి. ‘మ్యాంగో’కు బొమ్మ ఉంది, ‘బికాజ్’కు, ‘కంపేర్’కు ఏ బొమ్మ చూపిస్తాం? పాఠం అర్థం కావాలంటే కావలసినవి ఎక్కువగా ఇలాంటి మాటలే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పనికి వెళ్లిపోతే ఆట కూడా ఆగిపోతుంది. కాబట్టి తెర మీద పరిచయమైన మాటను తరగతిలో వాడించాలి. లాడ్‌బజార్ గాజుల దుకాణాన్నే ఆటగా పెట్టండి. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. రంగులు, లెక్క, బేరం ఇంగ్లీషులో సాగాలి. ఎర్ర గాజులే ఎందుకు కావాలో కారణమూ చెప్పించాలి. చిక్కువచ్చిన చోట ఇంటిభాషను రానివ్వండి. మాటను పరిచయం చేయడం యాప్ పని, దాన్ని పిల్లల సొంతం చేయడం గురువు పని.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: పాఠ్యాంశంగా ఇంగ్లీషుకు, బోధనా మాధ్యమంగా ఇంగ్లీషుకు తేడా ఏమిటి? మీ ఊరి బడి ఆధారంగా వివరించండి.