తరాలను మలిచింది ఫోనా, బిల్లా?

డయల్ తిప్పినవాళ్లు, ఎస్టీడీ బూత్ ముందు నిలబడ్డవాళ్లు, ఊహ తెలిసేసరికే చేతిలో టచ్‌స్క్రీన్ ఉన్నవాళ్లు అంటూ ఇప్పుడు తరాలను ఫోనుతో విడదీసి చెప్పుకుంటున్నాం. కొత్త పరికరం రాగానే మనుషుల అలవాట్లు మారతాయన్న నమ్మకం ఇందులో ఉంది. మన దేశంలో టెలిఫోను నడిచిన దారి చూస్తే ఆ నమ్మకం నిలబడదు. యంత్రం వచ్చిన ఏడాదికీ, దానితో పెరిగిన తరానికీ మధ్య ప్రతిసారీ చాలా ఎడం ఉంది. ఆ ఎడాన్ని తేల్చినవి రెండే లెక్కలు: నిమిషానికి ఎంత, కనెక్షన్ ఎవరికి.

కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882లోనే తెరుచుకున్నాయి. ఆపరేటరుతో పని లేకుండా మరో ఊరికి నేరుగా మాట్లాడే ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అయినా 1991 నాటికి నూరు మందికి ఒక్క ఫోను కూడా లేదు. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు; పక్కింటి నంబరు ఇచ్చి చివర ‘పీపీ’ అని రాసుకోవడం మామూలు. ట్రంక్ కాల్ బుక్ చేసి, మూడు నిమిషాల్లో ముగించాల్సిన తరం క్షేమసమాచారాలు ఉత్తరానికి వదిలేసి, చావుకబురుకో, రాకపోకల కబురుకో ఫోను వాడింది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ మన వేడికి, దుమ్ముకు తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలను తయారు చేసింది. తరవాత పసుపు బోర్డుల బూత్‌లు ఊరూరా వెలిశాయి. ఇంట్లో ఫోను లేనివాళ్లూ మీటరు మీద కన్నేసి మాట్లాడటం నేర్చారు. రాత్రి పొద్దుపోయాక పావు చార్జీ కాబట్టి ఆ వేళకే బూత్‌ల ముందు వరస కట్టారు. అదే రిసీవరు, అదే తీగ; అలవాటును మార్చింది చార్జీల పట్టిక.

మొబైల్ కథ ఈ మాటను ఇంకా గట్టిగా రుజువు చేస్తుంది. 1995 జులై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో మన దేశంలో సెల్‌ఫోన్ మొదలైంది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాలి. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే అది మేస్త్రీ జేబులోకి, కూరగాయల బండి మీదికి చేరింది. చేసేవాడికి ఖర్చు, ఎత్తేవాడికి ఉచితం అన్న ఆ నియమం నుంచే మిస్డ్ కాల్ పుట్టింది. 4జీ కూడా అంతే. 2012లోనే కోల్‌కతాకు వచ్చినా, 2016లో జియో డేటా ధరను నేలకు దించాకే వీడియోతో పెరిగే తరం తయారైంది.

కాల్ ఉచితమయ్యాక కూడా నేటి కుర్రకారు మాట్లాడటం కన్నా మెసేజ్ పెట్టడానికే మొగ్గుతున్నారు కదా, దానికి తెరే కారణం కాదా అని అడగవచ్చు. తెర లేకపోతే ఆ వీలే లేదు, నిజమే. కానీ కాల్‌కు డబ్బు పడిన రోజుల్లో, చేయాలా వద్దా అని చేసేవాడే తూచుకునేవాడు. ఫోను మోగిందంటే పని ఉన్నట్టే. ఖర్చు పోయాక ఆ తూకం ఎత్తేవాడి మీద పడింది. ‘మాట్లాడొచ్చా?’ అని ముందుగా మెసేజ్ పెట్టడం ఆ భారాన్ని ఇద్దరూ పంచుకునే మర్యాద.

ధర తగ్గితే చాలు, అందరిదీ ఒకే తరం అయిపోతుందా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. కాదనే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు సుమారు 54 శాతమే. చవక డేటా వచ్చిన ఏళ్ల తరవాతి లెక్క ఇది. కనెక్షన్ ఎవరికన్న ప్రశ్నకు ఒకప్పుడు టెలిఫోన్ శాఖ జవాబిచ్చేది, ఇప్పుడు ఇంటి పెద్దరికం ఇస్తోంది. ఒకే ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్లు కూడా ఒకే ఫోను తరం కాకపోవచ్చు.